పాపికొండల సరంగు

పాపికొండల అందమంతా కొండలదేనంటాం గానీ, సగం పేరు బోటు నడిపే సరంగుకు దక్కాలి. రాజమండ్రి దగ్గర సముద్రంలా పరుచుకునే గోదావరి ఇక్కడ కొండల మధ్య ఇరుకున పడి, లోతుగా, సుడులు తిరుగుతూ పోతుంది. భద్రాచలం యాత్రికులు ఒకప్పుడు లాంచీల్లో వెళ్లింది ఈ దారినే. నీళ్లు నున్నగా ఉంటే లోతు. పైన సన్నగా ముడతలు పడితే కింద రాయో ఇసుక మేటో ఉండొచ్చు. ఆ తేడా కనిపెట్టి చుక్కాని తిప్పడమే పనితనం. ఇంజిన్లొచ్చాక ఇంకా నేర్పెందుకంటారా? ఇంజిన్ తోస్తుందే గానీ దారి చూపదు.

అంత నేర్పుంటే 2019 సెప్టెంబరు 15న ఈ దారిలోనే కచ్చులూరు దగ్గర బోటు మునిగిన మాటేమిటని అడగొచ్చు, న్యాయమే. ఆ రోజు గోదావరి వరద మీదుంది. అలాంటప్పుడు బోటును ఒడ్డున కట్టేసి ఉంచడమూ ఈ విద్యలో భాగమే. సరంగు వద్దన్న రోజున టిక్కెట్టు డబ్బుల కోసం పేచీ పెట్టకండి.