చదివినదే మళ్లీ చదవాలా?

ఈ వ్యాసం చదువుతున్న మీలో కొందరు మరికొన్నేళ్లలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుంటారు. వారిలో కొందరు ఎం.టెక్.లో చేరతారు. అప్పుడు ఎదురయ్యే ఒక ప్రశ్న గురించి ఇప్పుడే ఆలోచించడం మంచిది. అప్పటికే క్షుణ్ణంగా నేర్చుకున్న పాఠాన్ని ఎం.టెక్.లో మళ్లీ మొదటి నుంచి చదవాలా? లేక "ఇది నాకు వచ్చు, కావాలంటే పరీక్షించి చూడండి" అని అడిగే హక్కు మీకు ఉందా?

కాగితం మీద చూస్తే ఈ ప్రశ్నకు మన దేశంలో జవాబు దొరికినట్టే కనిపిస్తుంది. 2021 జూలైలో యూజీసీ 'అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్' నియమాలను ప్రకటించింది. ఒక సంస్థలో చదివిన చదువును మరో సంస్థలో లెక్కలోకి తీసుకోవడానికి వీలు కల్పించడమే దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అయితే నియమాలను నిదానంగా చదివితే అందులో ఒక ముఖ్యమైన వెలితి కనిపిస్తుంది. అదేమిటో సూరత్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం.

సూరత్ ఎందుకు?

సూరత్ అనగానే వజ్రాల సాన, పట్టు, పాలియెస్టరు చీరలు గుర్తుకొస్తాయి. తెలుగువారికి ఆ ఊరు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పని కోసం వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతూ వచ్చింది.

సూరత్ ఇంజనీర్ల ఊరు కూడా. సమీపంలోని హజీరాలో ఎరువులు, ఉక్కు, సహజ వాయువు, భారీ యంత్రాల కర్మాగారాలున్నాయి. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న ఐటర్ అణు సంలీన రియాక్టరుకు క్రయోస్టాట్ అనే బ్రహ్మాండమైన ఉక్కు పాత్ర కావలసి వచ్చింది. దాని బరువు సుమారు 3,850 టన్నులు. దాని భాగాలను ఎల్ అండ్ టీ సంస్థ హజీరాలోనే తయారు చేసింది. చివరి భాగం 2020లో అక్కడి నుంచి బయలుదేరింది.

ఆ నగరంలోనే సర్దార్ వల్లభభాయ్ జాతీయ సాంకేతిక సంస్థ ఉంది. అది 1961లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 1959లో, మన వరంగల్‌లో ప్రారంభమైన కళాశాల కూడా ఈ కోవలోనిదే. ఈ కళాశాలలన్నీ ఒకే పథకం కింద పుట్టినా అప్పట్లో ఒక్కొక్కటీ తన ప్రాంతపు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. సూరత్ కళాశాల దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం కింద, వరంగల్ కళాశాల మొదట ఉస్మానియా కింద, తర్వాత కాకతీయ కింద పనిచేశాయి. అంటే తోబుట్టువులే అయినా పాఠ్య ప్రణాళికలు వేరు. 2002లో ఇవి జాతీయ సాంకేతిక సంస్థలుగా మారడం మొదలైంది. 2007లో వాటి కోసం ప్రత్యేక చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం బోధన, పరీక్షల ప్రమాణాలను నిర్ణయించే అధికారం ప్రతి సంస్థలోని సెనేట్‌ది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

క్రెడిట్ దేన్ని కొలుస్తుంది?

ముందుగా క్రెడిట్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. సాధారణంగా వారానికి ఒక గంట పాఠం చొప్పున ఒక సెమిస్టరంతా సాగితే అది ఒక క్రెడిట్. ప్రయోగశాల పని అయితే వారానికి రెండు గంటలకు ఒక క్రెడిట్. మూడు క్రెడిట్ల పాఠ్యాంశమంటే 15 వారాల్లో దాదాపు 45 గంటల పాఠాలన్నమాట.

ఈ కొలత పుట్టుక ఆసక్తికరమైనది. 1905లో అమెరికాలో ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన విరాళంతో ఒక సంస్థ ఏర్పడింది. కళాశాల అధ్యాపకులకు పింఛన్లు ఇవ్వడం దాని పని. ఏ కళాశాలలు ఈ పింఛనుకు అర్హమైనవో తేల్చడానికి వారికి ఒక కొలబద్ద అవసరమైంది. విద్యార్థి ఉన్నత పాఠశాలలో ఒక విషయాన్ని 120 గంటలు చదివితే దాన్ని ఒక యూనిట్‌గా లెక్కించారు. అలా పింఛన్ల లెక్క కోసం వచ్చిన గంటల కొలత మెల్లగా చదువుకే కొలతగా స్థిరపడిపోయింది. అదే కార్నెగీ సంస్థ 2015లో ప్రచురించిన నివేదికలో, ఈ యూనిట్ విద్యార్థి ఎంత నేర్చుకున్నాడో చెప్పదని ఒప్పుకుంది. అయితే దాని స్థానంలో అందరూ ఒప్పుకునే మరో కొలత సిద్ధంగా లేదు.

భౌతికశాస్త్రం చదివే మీకు ఇందులోని పొరపాటు వెంటనే తెలుస్తుంది. పొయ్యి ఎంతసేపు వెలిగిందో చెప్పినంత మాత్రాన గిన్నెలోని నీళ్లు ఎంత వేడెక్కాయో తెలియదు. నీళ్లెన్ని, మంట ఎంత, మూత ఉందా అన్నవీ తెలియాలి. లేదంటే థర్మామీటరు పెట్టి చూడాలి. క్రెడిట్ మంట వెలిగిన కాలాన్ని చెబుతుంది. ఉష్ణోగ్రతను చెప్పదు.

బ్యాంకు ఉంది, చెల్లుబాటు ఎవరి చేతిలో?

ఇప్పుడు 2021 నాటి నియమాల సంగతి చూద్దాం. వాటి సారాంశం ఇది. మీరు చదివిన సంస్థ మీ క్రెడిట్లను బ్యాంకులో జమ చేస్తుంది. మీరు నేరుగా పత్రాలు తీసుకెళ్లి జమ చేయడానికి వీల్లేదు. ఆ క్రెడిట్లు సాధారణంగా గరిష్ఠంగా ఏడేళ్లు నిలుస్తాయి. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం 50 శాతం క్రెడిట్లు సంపాదించాలి. ఒక పట్టా కోసం వాడుకున్న క్రెడిట్ ఖాతాలోంచి పోతుంది.

ఎం.టెక్.కు ఈ లెక్క వేసి చూడండి. ఏఐసీటీఈ 2018లో ప్రచురించిన మాదిరి ప్రణాళికలో ఎం.టెక్.కు మొత్తం 68 క్రెడిట్లు. అందులో సగం 34. అంటే బయటి చదువుకు చాలా చోటున్నట్టే. మరి చిక్కెక్కడ? మీరు జమ చేసిన క్రెడిట్‌ను ఏ పాఠ్యాంశానికి సమానంగా ఒప్పుకోవాలో, అసలు ఒప్పుకోవాలో వద్దో తేల్చేది చేరిన సంస్థే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా!

'బ్యాంకు' అన్న పేరు ఇక్కడ మనల్ని పక్కదారి పట్టిస్తుంది. వరంగల్‌లో జమ చేసిన వంద రూపాయలు సూరత్‌లోనూ వంద రూపాయలే. అక్కడి గుమాస్తా "ఈ నోటు మా ఊరి నోటుకు సమానమేనా?" అని విచారించడు. క్రెడిట్ అలాంటిది కాదు. ఇది దాచిపెట్టే పెట్టె మాత్రమే. చెల్లుబాటుకు హామీ లేదు. సంస్థ కాదంటే కారణం రాసి చూపాలన్న స్పష్టమైన ఏర్పాటు లేకపోతే విద్యార్థి చేతిలో మిగిలేది అంకెలున్న ఒక పుట.

క్రెడిట్ వేరు, మినహాయింపు వేరు

విద్యార్థులు తరచూ కలిపేసే రెండు మాటలను ఇక్కడ విడదీయాలి. సూరత్ సంస్థలో నీటి వనరుల ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. ఉంది. ఆ ఊరికి ఆ శాస్త్రం ఎంత అవసరమో 2006 ఆగస్టులో తెలిసింది. ఎగువన ఉన్న ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగాన్ని ముంచెత్తింది. జలాశయం నుంచి బయలుదేరిన వరద కింది ఊరికి ఎప్పుడు చేరుతుంది, ఎంత ఎత్తున చేరుతుంది అని లెక్కగట్టడం ఈ కోర్సు చదివేవారు నేర్చుకునే విద్యల్లో ఒకటి.

ఒక విద్యార్థిని బి.టెక్. చివరి ఏడాదిలోనే వరద గమనం గురించిన పై స్థాయి పాఠ్యాంశాన్ని ఐచ్ఛికంగా చదివిందనుకుందాం. ఆ క్రెడిట్లు బి.టెక్.కే ఖర్చయ్యాయి. వాటిని ఎం.టెక్.కు మళ్లీ వాడుకోవడం న్యాయం కాదు. ఒకే చదువుకు రెండు పట్టాలు ఇవ్వకూడదన్న నియమం సరైనదే. అయితే ఆమె అదే పాఠాన్ని మళ్లీ వినాలా? అక్కర్లేదు. ఆ పాఠ్యాంశం నుంచి మినహాయింపు ఇచ్చి, దాని బదులు మరింత లోతైనది చదవమనవచ్చు. క్రెడిట్ల మొత్తం తగ్గదు, చదువు పెరుగుతుంది. పాఠానికి వెచ్చించే ఒక సెమిస్టరు పొద్దును ఆమె తాపీ వరదపై సొంత గణన చేయడానికి వాడుకోగలదు. నష్టపోయేదెవరు?

రెండో ఉదాహరణ చూడండి. హజీరాలో ఆరేడేళ్లుగా భారీ ఉక్కు పాత్రల వెల్డింగును పర్యవేక్షిస్తున్న ఇంజనీరు ఎం.టెక్.లో చేరాడనుకుందాం. వెల్డింగు పాఠంలో ఆయనకు తెలిసిన దాంట్లో చాలా భాగం పుస్తకంలో కూడా ఉండదు. అలాగని సిద్ధాంతమంతా తెలుసనీ చెప్పలేం. కరిగిన లోహం గట్టిపడేటప్పుడు అందులోని స్ఫటికాల అమరిక ఎలా మారుతుందో ఆయన చదివి ఉండకపోవచ్చు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం పని అనుభవానికీ విలువ కట్టవచ్చని చెప్పింది. కానీ అనుభవం దానంతట అది క్రెడిట్ కాదు. ఎవరో పరీక్షించి ధ్రువీకరించాలి. ఆ పరీక్ష పెట్టే బాధ్యత ఫలానా వారిదని స్పష్టంగా లేనంతకాలం ఆ మాట మాటగానే ఉంటుంది.

అధ్యాపకుల సందేహాలు

సంస్థల జాగ్రత్తను మొండితనమని కొట్టిపారేయడం కూడా తగదు. వారి సందేహాల్లో నిజం ఉంది. పేరు ఒకటైనంత మాత్రాన పాఠం ఒకటి కాదు. 'ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి' అన్న పేరుతో బి.టెక్.లో కడ్డీలు, దూలాల వంటి సులభమైన లెక్కలతో ఆగిపోవచ్చు. ఎం.టెక్.లో అదే పేరు కింద శాశ్వతంగా వంగిపోయే లోహాన్నీ, కంపించే కట్టడాన్నీ లెక్కించాల్సి రావచ్చు. పైగా పరీక్షలు అన్నిచోట్లా ఒకే నిజాయితీతో జరుగుతాయని ఎవరూ పూచీ పడలేరు.

అంతర్జాల పాఠాల విషయంలోనూ ఇదే చర్చ. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల కోర్సుకు సుమారు 30 గంటల వీడియో పాఠాలుంటాయి. తరగతి గదిలో 45 గంటలు. గంటల లెక్కన ఇది తక్కువే. అయితే దాని ధ్రువపత్రం కోసం పరీక్షా కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. ఆ మార్కులకే 75 శాతం బరువు. మిగిలిన 25 శాతం అసైన్‌మెంట్లకు. గంటలు చూస్తే 'లోటు' అంటాం, పరీక్ష చూస్తే 'వచ్చు' అంటాం. ఏది చూడాలన్నదే అసలు వివాదం.

ఏడేళ్ల గడువు గురించీ ఒక మాట. చిప్‌ల రూపకల్పనలో ఏడేళ్ల నాటి పాఠం పాతబడవచ్చు. మాత్రికల గణితం పాతబడదు. అన్ని పాఠాలకూ ఒకే గడువు పెట్టడం బియ్యానికీ పాలకూ ఒకే తేదీ ముద్ర వేసినట్టే.

ఏం చేయాలి?

దీనికి ప్రపంచంలో ఒక మంచి ఆలోచన ఇప్పటికే ఉంది. 1997లో ఐరోపా మండలి, యునెస్కో కలిసి లిస్బన్‌లో ఒక ఒడంబడిక రూపొందించాయి. ఒక దేశంలో చదివిన చదువును మరో దేశం గుర్తించాలి. కాదనాలంటే రెండింటి మధ్య గణనీయమైన తేడా ఉందని కాదన్నవారే చూపాలి. గమనించారా? రుజువు చేసే బరువు విద్యార్థి భుజం మీద నుంచి సంస్థ భుజం మీదకు మారింది.

మన ఎం.టెక్.లకూ ఇదే సూత్రం కావాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. అధికారం సెనేట్ చేతిలోనే ఉందని పైన చెప్పుకున్నాం కదా. సూరత్, వరంగల్ వంటి ప్రతి సంస్థ సెనేటూ మూడు పనులు చేయవచ్చు. ఒకటి, కోరిన విద్యార్థికి సెమిస్టరు మొదట్లోనే ఆ పాఠ్యాంశపు చివరి పరీక్ష స్థాయిలో ఒక పరీక్ష పెట్టడం. పాసైతే మినహాయింపు, లేకపోతే తరగతి గది. రెండు, కాదన్నప్పుడు ఏ అధ్యాయం లోపించిందో రాతపూర్వకంగా, గడువులోగా చెప్పడం. మూడు, ఇంతకుముందు ఒప్పుకున్న, కాదన్న పాఠ్యాంశాల జాబితాను అందరికీ తెలిసేలా ప్రకటించడం. అప్పుడు తర్వాత వచ్చే విద్యార్థి చీకట్లో రాయి విసరనక్కర్లేదు.

ఒక హద్దు మాత్రం ఉండాలి. పరిశోధనా వ్యాసానికి మినహాయింపు అడగకూడదు. ఎం.టెక్.ను ఎం.టెక్. చేసేది అదే. తెలిసిన పాఠాల నుంచి మిగిలిన సమయం చేరవలసిందీ అక్కడికే.

మీ వంతు పని కూడా ఉంది. మీరు చదివే ప్రతి పాఠ్యాంశానికీ సిలబస్ ప్రతిని, వాడిన పుస్తకం పేరును, చేసిన ప్రాజెక్టులను, రాసిన ప్రశ్నపత్రాలను భద్రపరచుకోండి. మార్కుల జాబితాలో పాఠం పేరే ఉంటుంది, లోతు ఉండదు. ఆ లోతును చూపగలిగేవి ఈ కాగితాలే. ఎం.టెక్.లో చేరేముందు ఆ సంస్థ నియమావళిలో మినహాయింపు గురించి ఏం రాశారో వెతికి చూడండి. లేకపోతే అడగండి. అడిగేటప్పుడు "నాకు ఇన్ని గంటలు ఉన్నాయి" అనకండి. "నాకు ఇది వచ్చు, పరీక్షించండి" అనండి. ఆ పరీక్షకు మీరు సిద్ధంగా ఉంటే, దాన్ని పెట్టే బాధ్యత నుంచి సంస్థ తప్పించుకోవడం కష్టమవుతుంది.