ఆరాధనలో ఆర్గన్ వాదనం: ప్రమాణ విచారణ

తిరుపతి కేంద్రంగా ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చికి జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ మూలం. చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో సంఘాలను నెలకొల్పినది 1853లో ఏర్పడిన అమెరికన్ ఆర్కాటు మిషన్. అందువల్ల ఇక్కడి ఆరాధనలో రెండు గానసంప్రదాయాలు పక్కపక్కన నిలిచాయి: పాశ్చాత్య బాణీలలోని అనువాద గీతాలు, పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివారు దేశీయ రాగతాళాలలో రచించిన కీర్తనలు. ఈ రెండింటికీ వాయించే ఆర్గన్‌ను, కాలితో తొక్కే హార్మోనియాన్ని, నేటి కీబోర్డును ఒకే కొలతతో కొలవడం సరికాదు.

పాశ్చాత్య బాణీకి స్వరమేళనం ప్రాణం. నాలుగు గొంతుల పొందిక, పాదాంతంలో సంఘం ఊపిరి తీసుకొనే వ్యవధి అక్కడ వాదకునికి గీటురాళ్లు. కీర్తనలో ఆ స్వరగుచ్ఛాలే రాగచ్ఛాయను కప్పివేస్తాయి. పైగా మెట్ల వాద్యంలో స్వరస్థానం మారదు, గమకం పలకదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించడానికి ఈ పరిమితి కూడా ఒక కారణం. కనుక తోడి వంటి గమకప్రధాన రాగంలో సమర్థుడైన వాదకుడు గమకాన్ని గొంతుకు విడిచి, ఆధారషడ్జమాన్ని నిలుపుతాడు. చరణం ముగిసి పల్లవి అందుకొనే చోటును సంఘానికి ముందే సూచిస్తాడు.

వేగం, అలంకారం వాదకుని నైపుణ్యాన్ని చాటవచ్చు. సాహిత్యం వినబడనప్పుడు ఆ నైపుణ్యమే దోషమవుతుంది. కీర్తనలోని మాట చివరి వరుసలోనివారి నోట కూడా తడబడకుండా పలకడమే ఈ వాదనానికి కొలబద్ద.