బాపిరాజు చూసి రాసిన చరిత్ర

అడివి బాపిరాజు 1895 అక్టోబరు 8న భీమవరంలో పుట్టారు. 1952 సెప్టెంబరు 22న, యాభై ఏడేళ్ళు నిండకుండానే, మద్రాసులో కన్నుమూశారు. ఆ కాస్త ఆయుష్షులోనే ప్లీడరీ, జైలు, చిత్రలేఖనం, పంతులుగిరీ, సినిమా, పత్రికా సంపాదకత్వం అన్నీ అయ్యాయి. పాటలు కట్టి పాడుకున్నారు, కథలు రాశారు. స్నేహితులకు ఆయన ‘బాపి బావ’. తెలుగు పాఠకులకు మాత్రం అన్నిటికంటే ఎక్కువగా మిగిలింది ఆయన రాసిన నాలుగు చారిత్రక నవలలు: హిమబిందు, గోన గన్నారెడ్డి, అడివి శాంతిశ్రీ, అంశుమతి. చారిత్రక ప్రణయ నవలలో వీటికి సాటి వచ్చేవి తెలుగులో వేళ్ళమీద లెక్కపెట్టవలసిందే.

ఆయనను తీర్చిదిద్దిన చోటు రాజమండ్రి ప్రభుత్వ కళాశాల. అక్కడి ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. శిష్యులను వెంటబెట్టుకుని గుళ్ళూ గుహలూ చూపించిన మనిషి. చిత్రకారుడు దామెర్ల రామారావు ఆ దొర చేతికింద తయారైనవాడే. తర్వాత బాపిరాజు మద్రాసులో లా చదివి కొద్దికాలం ప్రాక్టీసు చేశారు. సహాయ నిరాకరణ ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చారు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటర్జీ దగ్గర కుంచె పట్టడం నేర్చుకుని, 1930లలో అదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. అనసూయ, ధ్రువ విజయం సినిమాలకు కళాదర్శకత్వం వహించారు. 1944 నుంచి కొన్నేళ్ళు హైదరాబాదులో మీజాన్ తెలుగు దినపత్రిక నడిపారు. తెలుగు పత్రిక చేతికందడమే గొప్పగా ఉన్న నిజాం రాజ్యంలో భీమవరం నవలాకారుడు వచ్చి సంపాదకుడుగా కూర్చోవడం చిన్న సంగతి కాదు.

చారిత్రక నవల ఆయనతో మొదలు కాలేదు. చిలకమర్తి హేమలత పందొమ్మిదో శతాబ్దం చివరిదే. 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి పోటీలు పెట్టి మరీ చారిత్రక నవలలు రాయించింది. కేతవరపు వేంకటశాస్త్రి రాయచూరు యుద్ధం ఆ కాలపు పంటే. వాటిలో దేశభక్తి ఉంది, యుద్ధం ఉంది, స్కాట్ దొరా బంకించంద్రుడూ చూపిన దారి ఉంది. మనుషులు కట్టుకున్న బట్ట ఎలాంటిదో, వాళ్ళ ఇంటి వాకిలి ఎటు తిరిగి ఉందో మాత్రం అంతగా కనిపించదు.

బాపిరాజు పనితనమంతా అక్కడే. ఆయన ముందు చూస్తారు, తర్వాత రాస్తారు. హిమబిందులో శాతవాహనుల ధాన్యకటకం ఉంది. ఆ నగరం నేలమీద లేదు. అమరావతి స్తూపం శిల్పాలు మాత్రం మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. ఆ సున్నపురాతి పలకల దగ్గర కాసేపు నిలబడితే శాతవాహనుల కాలం మగవాడికి తలపాగా ఎంత ముఖ్యమో తెలుస్తుంది. గుడ్డను మెలితిప్పి చుట్టి, నుదుటిమీద పెద్ద ముడిగా నిలబెట్టిన తలపాగా అది. ఆడవాళ్ళ కాళ్ళకు బరువైన కడియాలు, నడుముకు వరుసలు వరుసలుగా మొలనూళ్ళు. కుట్టిన బట్ట దాదాపు కనపడదు, అంతా చుట్టుకున్నదే. ఇది కంటికి పట్టిన రచయితే ఆ కాలపు యువకుణ్ణి నడిపించగలడు, ఉత్తరీయం జారితే ఏ చేత్తో సర్దుకుంటాడో చెప్పగలడు. హిమబిందు కథానాయకుడు సువర్ణశ్రీ శిల్పి కొడుకు కావడం యాదృచ్ఛికం అనుకోలేం. చిత్రకారుడు తన ఇంటివాణ్ణే నాయకుణ్ణి చేసుకున్నాడు. ఎడ్లబండ్ల పందెం, సార్థవాహుడు చారుగుప్తుడి సంపద, యువరాజు శ్రీకృష్ణ శాతవాహనుణ్ణి చంపడానికి పెంచిన విషబాల, అన్నీ ఒకదాని వెంట ఒకటి రంగులో ముంచిన బొమ్మల్లా వస్తాయి. విషకన్య పాత కథే. కానీ చంపడానికి పెంచిన పిల్లకు ప్రేమించే మనసు ఉంటే ఏమవుతుందన్నది బాపిరాజు పట్టుకున్న కొస. దానికోసమైనా ఈ నవల చదవాలి.

రెండో పద్ధతి శాసనంలోని ఒక్క పేరు పట్టుకుని మనిషిని నిలబెట్టడం. నాగార్జునకొండలో 1926లో శాసనాలు బయటపడ్డాయి, ఆ వెంటనే తవ్వకాలు మొదలయ్యాయి. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి కూతురు, వీరపురుషదత్తుడి సోదరి అడవి చాంతిసిరి పేరు ఆ శాసనాలలో ఉంది. శాసనం చెప్పేది ఎవరి కూతురు, ఎవరి భార్య, ఏం దానం చేసింది అన్నంతవరకే. ఆ పొడి ప్రాకృత వాక్యాల నుంచి బాపిరాజు అడివి శాంతిశ్రీ అనే రాజకుమారిని పుట్టించారు. చదువు తప్ప మరో లోకం తెలియని ఆ పిల్లకు గురువుగా బ్రహ్మదత్తుణ్ణి తెచ్చి, రాయిలాంటి మనసులో చలనం ఎలా వస్తుందో పుటలు పుటలుగా రాశారు. ఆ తర్వాత నాగార్జునసాగర్ వచ్చింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మునిగిపోయింది, శిల్పాలను కొండ మీదికి ఎక్కించారు. ఇవాళ విజయపురి వీధుల్లో నడవాలంటే పడవ పనికిరాదు, ఆ నవల ఉండాలి.

గోన గన్నారెడ్డికీ ఆధారం రాయే. రాయచూరు కోటగోడలో 1294 నాటి శాసనం ఒక పెద్ద బండమీద ఉంది. గోన గన్నారెడ్డి తరఫున విఠ్ఠలుడు ఆదవోని మొదలైన కోటలు పట్టుకుని రాయచూరులో కోట కట్టించాడని అది చెబుతుంది. అంత పరాక్రమం చేసినవాడి యౌవనం ఎలా గడిచి ఉంటుంది? బాపిరాజు అతణ్ణి గజదొంగను చేసి, పెళ్ళి సంబరంలో పెళ్ళికొడుకునే ఎత్తుకుపోయేట్టు చేశారు. పెళ్ళికూతురు అన్నాంబిక ఓరుగల్లు చేరి రుద్రమ పక్షాన నిలబడుతుంది. ఓరుగల్లు సింహాసనం మీద ఆడపిల్ల కూర్చోవడం సహించని సామంతులు ఒకవైపు, దొంగగా పేరుపడి రాజభక్తి దాచుకున్న గన్నారెడ్డి ఇంకొకవైపు. కథ ఇంత పరుగెత్తుతూ ఉంటే మధ్యలో కోట అగడ్తలు, బురుజులు, గుర్రాల జాతులు, వంటలు, నగలు ఎక్కడా బరువనిపించవు. పొట్టి ప్రకరణాలు, పొట్టి వాక్యాలు, పాట పాడుకునేవాడి ఊపు దానికి కారణం.

లోపాలు లేవని కాదు. నాయికలందరూ అందగత్తెలే, నాయకులందరూ సకల కళా ప్రవీణులే. కొన్నిచోట్ల నగల పట్టీ ముగిసేదాకా కథ గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఈ మాట బాపిరాజు అభిమానులు కూడా ఒప్పుకుంటారు, ఒప్పుకుని మళ్ళీ ఆ పుటలే తీసి చదువుతారు.

విశ్వనాథ ప్రస్తావన లేకుండా ఈ చర్చ సాగదు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీలో ఆయన వేయిపడగలకూ బాపిరాజు నారాయణరావుకూ బహుమతి పంచి ఇచ్చారు. వేయిపడగలు ఇరవై తొమ్మిది రోజుల్లో విశ్వనాథ చెబుతుంటే తమ్ముడు రాసినది. ఆ ధార, ఆ గొంతు ఏకవీరలోనూ వినిపిస్తాయి. మధుర నాయకుల కాలంలో నాలుగు మనసుల నలుగుబాటును అంత లోతుగా చెప్పిన నవల మరొకటి లేదు. కానీ మధుర వీధి కళ్ళకు కట్టాలంటే బాపిరాజు చేయి పడాల్సిందే. రేపల్లె వకీలు నోరి నరసింహశాస్త్రిది వేరే బాట. నారాయణభట్టు, రుద్రమదేవి, మల్లారెడ్డి, కవిసార్వభౌముడు, ధూర్జటి అని కవుల వెంట నడిచి చరిత్ర చెప్పారు. ఇద్దరూ రుద్రమను రాశారు. పాండిత్యం కావలసినవాళ్ళు నోరివారిని, ప్రాణం కావలసినవాళ్ళు బాపిరాజును చదువుతారు.

ఇప్పటి సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. చారిత్రకం అంటే కత్తి, కిరీటం, ‘ప్రభూ’ అనే పిలుపు, అంతే. శాతవాహనుడైనా కాకతీయుడైనా కంపెనీలో అద్దెకు దొరికే అదే జరీ, అదే అట్టకిరీటం. అమరావతి శిల్పం ముఖం చూడనివాడు శాతవాహనుల కథ రాస్తాడు. పాత నవలలో నుంచి పేర్లు ఎత్తి, రెండు యుద్ధాలు కలిపి, ప్రేమ పేరిట ఇవాళ్టి కాలేజీ పిల్లల మాటలు పెడతాడు. 2015లో రుద్రమదేవి సినిమా వచ్చినప్పుడు గోన గన్నారెడ్డి పేరు పిల్లల నోళ్ళలో నానింది. వాళ్ళలో ఎందరి చేతికి ఆ నవల అందింది? తమిళులు కల్కి పొన్నియిన్ సెల్వన్‌ను తరం తర్వాత తరం అచ్చువేసుకుని, చదువుకుని, సినిమా తీసుకున్నారు. ఇక్కడ సినిమా చూసినవాడికి పుస్తకం ఉందన్న సంగతే తెలియదు.

బాపిరాజు పద్ధతిలో రాయడానికి సరుకు కరువా అంటే, కామారెడ్డి జిల్లా బాన్సువాడ చుట్టూ చూస్తే చాలు. ఉత్తరాన బోధన్ ఉంది. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన అదేనని చరిత్రకారుల మాట. పంపకవిని పోషించిన వేములవాడ చాళుక్యుల తొలి కథా అక్కడిదే. కామారెడ్డి జిల్లాలోనే కౌలాస్ కోట ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఓరుగల్లును తురుష్కుల నుంచి విడిపించిన కాపయ నాయకుడు బహమనీ సుల్తానుతో సంధికి ఇచ్చుకున్న కోట అది. గెలిచినవాడు ఒక కోటను ఎందుకు వదులుకున్నాడు, ఆ రోజు కోటలోపల ఉన్నవాళ్ళు ఏమయ్యారు అన్న రెండు ప్రశ్నల్లో ఒక నవలంత కథ ఉంది.

శాఖా గ్రంథాలయాలు హిమబిందును, గోన గన్నారెడ్డిని బీరువాలో కాక బల్లమీద పెట్టాలి. రాయాలనుకునే పిల్లలు వాటిని చదివి, సెలవురోజు చూసుకుని కౌలాస్ వెళ్ళాలి. కోట గుమ్మం దగ్గర కూర్చుని, ముందు దాని బొమ్మ ఒకటి గీసుకోవాలి. కథ సంగతి ఆ తర్వాత.