అరమండి అందరికీ ఒకటే కాదు

నాట్యం చేసేవాళ్లకు నొప్పులు కొత్త కాదు. మడమో, మోకాలో, నడుమో ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతూనే ఉంటుంది. వాటికి మా వైద్యం మాకుంది: వేణ్నీళ్ల కాపడం, ఓ పూట విశ్రాంతి, మర్నాడు మళ్లీ గజ్జెలు. గజ్జల్లో మొదలైన నొప్పి మాత్రం ఈ వైద్యానికి లొంగలేదు. మోకాళ్లు పక్కలకు విచ్చి సగం కూర్చునే అరమండిలోంచి లేస్తుంటే లోపలెక్కడో ‘టక్’మనేది. ఆటో దిగాలంటే కాలు చేత్తో ఎత్తి బయట పెట్టుకోవాల్సి వచ్చేది. ఎక్కడ నొప్పి అని డాక్టరుగారు అడిగితే, బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు ముందుకి వచ్చేలా తుంటిని పట్టుకుని చూపించాను. కీలు లోపల తేడా ఉన్నవాళ్లు చాలామంది అలాగే చూపిస్తారట. ఆయన నా మోకాలు ఛాతీ వైపు మడిచి లోపలికి తిప్పేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఎక్స్‌రే, ఎమ్మారై. రిపోర్టులో ఉన్నది: తుంటి కీలులో లాబ్రమ్ చిరిగింది.

తొడ ఎముక గుండ్రటి తల కటి ఎముకలోని గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట అంచు చుట్టూ మృదులాస్థితో చేసిన పట్టీ ఒకటి ఉంటుంది. అదే లాబ్రమ్. కుక్కర్ మూతకు గ్యాస్కెట్ ఎలాగో కీలుకు ఇది అలాగ. లోపలి జిగట ద్రవాన్ని బయటికి పోనివ్వదు, గుంటను కాస్త లోతు చేసి ఎముక తలను కుదురుగా ఉంచుతుంది. దీనికి రక్త సరఫరా తక్కువ. బయటి అంచుకు కొంత అందుతుంది, కీలు వైపు మరీ తక్కువ. అందుకే ఒకసారి చిరిగితే తనంతట తాను అతుక్కోవడం అరుదు.

అతుక్కోనప్పుడు కుట్టించుకోవాలి కదా అనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది. డాక్టరుగారు తొందరపడలేదు. తుంటి నొప్పే లేని 45 మందికి ఎమ్మారై తీసిన ఓ అమెరికన్ అధ్యయనం 2012లో వచ్చింది. వాళ్లలో 69 శాతం మందికి లాబ్రమ్‌లో చిరుగు కనిపించింది. అంటే చిరుగు ఉన్నంత మాత్రాన అదే జబ్బు అనుకోవడానికి లేదు. ఏ కదలికకు నొప్పి వస్తోంది, పరీక్షలో ఏం తేలింది, స్కాన్‌లో ఏముంది అన్న మూడూ ఒకే మాట చెప్పాలి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది: అసలు ఎందుకు చిరిగింది? స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరానికి చెందిన రైన్‌హోల్డ్ గాంజ్ అనే సర్జన్ బృందం 2003లో దీనికి ఒక జవాబు గట్టిగా వినిపించింది. తొడ ఎముక మెడ దగ్గర బొడిపె ఉన్నా, గుంట అంచు ఎక్కువగా ముందుకు వచ్చినా, కాలు బాగా మడిచినప్పుడల్లా ఎముకకు ఎముక తగిలి మధ్యనున్న లాబ్రమ్ నలుగుతుంది. ఇంకొందరికి గుంట పుట్టుకతోనే లోతు తక్కువ. అలాంటివాళ్ల కాళ్లు తరచూ చక్కగా విచ్చుకుంటాయి కాబట్టి నాట్యంలో ముందుండొచ్చు. కానీ ఎముక మోయాల్సిన బరువు లాబ్రమ్ మీద పడుతుంది.

వైద్యం చాలామందికి ఫిజియోథెరపీతోనే మొదలవుతుంది. సాగదీసే ఆసనాలు వేయిస్తారేమో అనుకుని వెళ్లాను. వేయించింది అది కాదు. పిరుదుల కండరాలు, పొత్తికడుపు కండరాలు, తుంటిని తిప్పే లోపలి చిన్న కండరాలు బలపడే వ్యాయామాలే అన్నీ. పక్కకు తిరిగి పడుకుని కాలెత్తడం, ఒంటికాలి మీద నడుము వాలకుండా నిలబడడం. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, చేస్తే చెమటలు పడతాయి. దానితోపాటు కొన్నాళ్లు లోతైన మండి, బాసింపట్టు మానేయాలి, అవసరమైతే కొద్దిరోజులు నొప్పి మాత్రలు వేసుకోవాలి. ఫలితం తేలడానికి కనీసం మూడు నెలలు ఓపిక పట్టమంటారు.

నొప్పి వ్యాయామాన్ని కూడా చేయనివ్వకపోతే ఇంజెక్షన్ ఉంది. అల్ట్రాసౌండ్‌లోనో ఎక్స్‌రేలోనో చూస్తూ కీలులోకే మత్తుమందు, స్టెరాయిడ్ ఎక్కిస్తారు. ఉపశమనం కొన్ని వారాలో నెలలో ఉంటుంది, చిరుగు మాత్రం మానదు. దీనివల్ల ఇంకో లాభం, మత్తు పనిచేసినంతసేపూ నొప్పి పోయిందంటే దాని మూలం కీలులోనే ఉందని తెలుస్తుంది. పోకపోతే నడుములోనో కండరంలోనో వెతకాలి. మన రక్తం నుంచే తీసి ఇచ్చే పీఆర్‌పీ ఇంజెక్షన్లకు ప్రచారం ఎక్కువే కానీ, ఈ చిరుగు విషయంలో ఆధారాలు ఇంకా బలంగా లేవు.

ఆ తర్వాతది ఆపరేషన్. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, చిరిగిన లాబ్రమ్‌ను ఎముకకు కుట్టి బిగిస్తారు. బొడిపె ఉంటే అరగదీస్తారు. కుట్టడానికి వీల్లేనంతగా చివికిపోతే కత్తిరించి సరిచేస్తారు, లేదా వేరేచోట నుంచి తీసిన కణజాలంతో కొత్త అంచు కడతారు. కొన్ని వారాలు చేతికర్రలు తప్పవు. ఆటకో, నాట్యానికో తిరిగి రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. గాయని లేడీ గాగా ఈ చిరుగుతోనే 2013లో ప్రపంచ పర్యటనను మధ్యలో ఆపి ఆపరేషన్ చేయించుకుంది.

ఆపరేషన్ ఎంత మేలు? ఎముకలు తగులుకునే సమస్య ఉన్న 348 మందితో బ్రిటన్‌లోని 23 ఆసుపత్రుల్లో జరిగిన పరీక్ష ఫలితం 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఏడాది తర్వాత తుంటి పరిస్థితికి నూటికి వేసిన మార్కులు ఆపరేషన్ వాళ్లకు సగటున 58.8, ఫిజియో వాళ్లకు 49.7. మిగతా తేడాలు సరిచేశాక మిగిలింది 6.8 మార్కులు. ఇరువైపులవాళ్లూ మెరుగయ్యారు, ఆపరేషన్ వాళ్లు మరికాస్త మెరుగయ్యారు. అయితే కీలు అరిగి ఎముకల మధ్య సందు 2 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఈ ఆపరేషన్ సాధారణంగా నిలబడదు. అప్పుడు మాట కీలు మార్పిడి వైపు వెళ్తుంది. గుంట లోతు బాగా తక్కువైతే లాబ్రమ్ కుట్టడం ఒక్కటే చాలదు, ఎముకనే కోసి గుంట దిశ మార్చాల్సి రావచ్చు.

నేను ఫిజియో దగ్గరే ఆగాను. నొప్పి పూర్తిగా పోలేదు, నా మీద పెత్తనం చేయడం మాత్రం మానేసింది. పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం జోలికి వెళ్లను. జతులు చెప్పేటప్పుడు కుర్చీలో కూర్చుని తాళం వేస్తాను. నా నాట్యం తగ్గింది, నా కన్ను పెరిగింది.

ఆ కన్ను ముందుగా నా దగ్గర నేర్చుకునే పిల్లల మోకాళ్ల మీద పడుతోంది. “పక్కమ్మాయికి అరమండి అంత బాగా వస్తోంది, మా పాపకు ఎందుకు రాదు టీచర్‌గారూ?” అని తల్లులు అడుగుతారు. పాపను బోర్లా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని రెండో కాలి వైపు వాల్చి చూపిస్తాను. ఎముక ఇచ్చినంత దూరం వాలి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ‘ఇంకా కూర్చో, ఇంకా కూర్చో’ అని కసిరితే ఆ లోటును మోకాలు, పాదం భర్తీ చేస్తాయి. అతిగా విచ్చుకునే పిల్లలకు ఇంకా సాగదీత అక్కర్లేదు, బలం కావాలి. ఎముక ఎదిగే వయసులో ఉన్నవాళ్లతో మరీ జాగ్రత్తగా ఉండాలి. అరమండికి అందం మోకాళ్ల మధ్య దూరంతోనే రాదు. నిటారు వెన్నుతో, ఒకే ఎత్తులో, కాలం తప్పకుండా కూర్చున్నా వస్తుంది.

గజ్జల్లో నొప్పి వారాల తరబడి వదలకపోయినా, కీలు పట్టేసినట్టు అనిపించినా కాపడంతో సరిపెట్టకండి. పడ్డ తర్వాత బరువు మోపలేకపోతే ఆ రోజే వెళ్లండి. లాబ్రమ్ చిరిగిందని తేలితే డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి: నా నొప్పికి ఈ చిరుగే కారణమని ఎలా తేల్చారు? నా ఎముకల ఆకారం ఎలా ఉంది? కీలు ఎంత అరిగింది? ఈ మూడింటికీ జవాబు రాకుండా, ఫిజియోకు తగినంత సమయం ఇవ్వకుండా ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకండి.