కొలిమి ముందఱి మాట

బైబిలునందలి వీరకథలను బాలురకుఁ జెప్పుటలో నొక వాడుక యేర్పడియున్నది. చిన్నవాఁడు పెద్దవానిని గూలఁగొట్టెను; కొలఁదిమంది పెక్కుమందిని దఱిమిరి; నిప్పు కాల్చలేదు, సింహము కఱవలేదు; కావున నమ్మినవానికి జయము నిశ్చయము. ఇట్లు చెప్పువారి యుద్దేశము మంచిదే. కాని వారు చెప్పునది ఆ గ్రంథములోని కథ కాదని నా యభిప్రాయము. జయము నిశ్చయమని ముందుగానే తెలిసినవానికి ధైర్యముతోఁ బనియేమి? నష్టము లేదని యెఱిఁగి బేరమునకు దిగువాఁడు లెక్కలు తెలిసిన వర్తకుఁడగును గాని వీరుఁడు కాఁడు. ఇందు నేను మతసత్యమును గూర్చి వాదింపఁబోను. ఆ కథ లెట్లు కట్టఁబడినవో, తరువాతివారు వానినేమి చేసిరో, అదియే విచారింతును.

దానియేలు గ్రంథమున మూఁడవ యధ్యాయమును మొదటఁ జూతము. బబులోను రాజగు నెబుకద్నెజరు దూరా మైదానమున 60 మూరల యెత్తును 6 మూరల వెడల్పును గల బంగారుప్రతిమను నిలిపెను. వాద్యములు మ్రోఁగఁగానే యెల్లవారును సాగిలపడవలయుననియు, పడనివాఁడు మండుచున్న కొలిమిలోఁ ద్రోయఁబడుననియుఁ జాటించెను. షద్రకు, మేషాకు, అబేద్నెగో అను ముగ్గురు యూదులు సాగిలపడరైరి. వీరి సొంత పేర్లు హనన్యా, మిషాయేలు, అజర్యా. రాజాస్థానము వారి పేర్లను సైతము మార్చివైచినది.

ఈ యధ్యాయమున వాద్యముల పట్టిక నాలుగుమాఱులు వచ్చును. అధికారుల బిరుదుల పట్టికయు మరల మరల వచ్చును. తొందరపడు పాఠకుఁడు దీనిని బునరుక్తిదోషమనును. నాకుఁ జూడ నిది కథకుని పరిహాసము. పట్టిక చదువఁబడును, వాద్యము మ్రోఁగును, జనము పడును. మరల పట్టిక, మరల వాద్యము. రాజాజ్ఞ యొక గానుగవలెఁ దిరుగుచున్నది. ఆ గానుగ రొదలో ముగ్గురు కదలక నిలుచుటయే యొక పెద్ద చప్పుడుగా వినఁబడును. విచిత్రమేమనఁగా, గ్రంథమునకుఁ బేరిచ్చిన దానియేలు ఈ యధ్యాయమున నెచ్చటను లేఁడు. ఎందుఁబోయెనో కథకుఁడు చెప్పనేలేదు.

రాజు ముగ్గురిని బిలిపించి, మరియొక యవకాశమిచ్చి, తన చేతిలోనుండి వారిని విడిపింపఁగల దేవుఁడెవఁడని యడిగెను. వారి ప్రత్యుత్తరము మిక్కిలి కొలఁది మాటలలో నున్నది. ఈ విషయమున రాజునకు సమాధానము చెప్పుకొనవలసిన పని తమకు లేదనిరి. తాము గొలుచు దేవుఁడు తమ్ముఁ దప్పింప సమర్థుఁడనిరి. ఒకవేళ తప్పింపకపోయినను ఆ ప్రతిమకు మ్రొక్కమనిరి. ‘కాకపోయినను’ అను నర్థమిచ్చునవి మూలమగు అరమాయికు భాషలో రెండే చిన్న పదములు. కథయొక్క ప్రాణమంతయు నా రెంటియందే యున్నది.

ఎట్లనఁగా, బెదిరింపునకు బలము ఎదుటివాని యాశలోనుండి వచ్చును. బ్రతుకవలయునను కోరిక యెదుటివానియందున్నంత సేపే రాజు చేతిలోని కొలిమికి విలువ. దేవుఁడు మమ్ముఁ దప్పించును, కావున మ్రొక్కమని వీరు చెప్పియున్నచో నది యింకను బేరమే యగును. రాజుకంటె బలవంతుఁడైన యొడయుని యండఁ జేరుటయే యగును. తప్పించినను తప్పింపకున్నను మ్రొక్కమనుటతో బేరము తెగిపోయినది. రాజు ముఖము వికారమయ్యెనని కథకుఁడు చెప్పుట సరిగా నీ మాట తరువాతనే. కొలిమిని ఏడంతలు అధికముగా వేఁడిచేయుఁడని రాజు కేకవేయుట తన యోటమి నొప్పుకొనుటయే. మామూలు వేఁడియైనను మనుష్యుని గాల్పఁజాలును గదా! తరువాతి యద్భుతము రాజు కన్నులకొఱకుఁ గల్పింపఁబడినది. మంటలో నలుగురు సంచరించుట చూచినవాఁడు రాజు, ఆశ్చర్యపడినవాఁడు రాజు, ప్రకటన చేసినవాఁడును రాజే. మూలమున ఆ ముగ్గురు అటుపైని ఒక్క మాటయైనఁ బలుకరు. వారిని మోసికొనిపోయిన సైనికులు మంట తగిలి చచ్చిరి. పాపము, వారిని గూర్చి యే వ్యాఖ్యాతయు నెక్కువసేపు చింతింపఁడు.

ఈ రెండు పదములు ప్రాచీనులకే మ్రింగుడుపడలేదు. క్రీస్తునకుఁ బూర్వమే చేయఁబడిన పాత గ్రీకు అనువాదమున నవి కనఁబడవు. అందు దేవుఁడు తమ్ము రాజు చేతులనుండి విడిపించుననియు, అప్పుడు తాము విగ్రహమును గొలువమని రాజునకు స్పష్టమగుననియు ఆ యువకులు చెప్పుదురు. సందేహము తొలఁగినది, దానితోఁ గథయు సగము తొలఁగినది. థియొదోతియోను పేరఁ బరఁగు అనువాదము మూలమును మరల ననుసరించినది. గ్రీకు సంఘములు పాతదానిని విడిచి దీనినే చదువుకొనుట వారి సాహిత్యరుచికిఁ గీర్తికరము. కాని యీ రెండు గ్రీకు పాఠములందును, మంటల నడుమ అజర్యా చేసిన దీర్ఘమైన ప్రార్థనయు ముగ్గురు కలిసి పాడిన పాటయుఁ జేర్పఁబడినవి. పాట మంచిదే, చోటు మంచిది కాదు. రాజు ముందు చెప్పవలసినది చెప్పి యూరకున్నవారిచేత మరల మాటలాడించుట వారి మౌనమును బాడుచేయుటయే.

కథ యెవరికొఱకు వ్రాయఁబడినదో తలఁచుకొన్నచో ఆ పదముల బరువు మఱింత తెలియును. అందలి కథలు కొన్ని ప్రాచీనములు కావచ్చును గాని, దానియేలు గ్రంథము క్రీస్తుకుఁ బూర్వము 167–164 సంవత్సరముల ప్రాంతమున నిప్పటి రూపము దాల్చెనని పండితులలోఁ బెక్కుమంది నిర్ణయించిరి. అది నాలుగవ అంతియొకసు రాజు యెరూషలేము దేవాలయమును మైలపఱచి, విశ్రాంతిదినమును సున్నతిని నిషేధించిన కాలము. ఆ పాఠకుల యిరుగుపొరుగులకు దేవదూత దిగిరాలేదు. మక్కబీయుల రెండవ గ్రంథమున తల్లి కన్నులయెదుట ఏడుగురు కుమారులు ఒకరి వెంట నొకరు చిత్రవధ చేయఁబడిన వృత్తాంతము కలదు; తుదకుఁ దల్లియుఁ జచ్చెను. అట్టి యింటివారికి నమ్మినవానిని నిప్పు కాల్చదని చెప్పినచో నది యోదార్పు కాదు, అవహేళనము. కాల్చినను మ్రొక్కమన్న మాటయే వారికిఁ బనికివచ్చిన మాట.

మన కాలపు పాఠకునకు నిదియే వర్తించును. కులాంతరవివాహము చేసికొని బంధువులచే వెలివేయఁబడినవాఁడును, పైయధికారి యక్రమమును బయటపెట్టి యుద్యోగము పోఁగొట్టుకొన్నవాఁడును మన నడుమ లేకపోలేదు. జయము నిశ్చయమని చిన్ననాఁడు నేర్చినవాఁడు తన యోటమిని జూచి, తన నమ్మకము చాలలేదనియో, తాను నమ్మినది బొంకనియో తలఁచును. రెండును వాని నడుము విఱుచు తలఁపులే.

మన పాఠకునకు నిచ్చటఁ బ్రహ్లాదుఁడు జ్ఞప్తికి రాకపోఁడు. పోతన భాగవతమున ఆ బాలునికి ఏనుఁగులు, సర్పములు, అగ్ని, విషము అన్నియు వ్యర్థములైనవి. కాని ప్రహ్లాదునకు అంతటను హరియే కనఁబడుచుండఁగా రేపేమగునను ప్రశ్నయే పుట్టదు. ఈ మువ్వురు రేపేమగునో యెఱుఁగరు. రెండు కథలును గొప్పవి. ఒకదానిని మఱియొకదానివలెఁ జెప్పుట రెంటికిని ద్రోహము.

గిద్యోను కథను గూడ నిట్లే నునుపుచేసిరి. న్యాయాధిపతుల గ్రంథమున నతఁడు మొదట కనఁబడునపుడు మిద్యానీయులకు జడిసి ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుచుండును. అట్టివానిని దూత పరాక్రమశాలియని సంబోధించును! బయలుదేవత బలిపీఠమును బడఁగొట్టవలసివచ్చినపుడు పగలు భయపడి రాత్రి పడఁగొట్టెను. గొఱ్ఱెబొచ్చుతో రెండుమాఱులు దేవునిఁ బరీక్షించెను. తరువాతి లెక్క యందఱెఱిఁగినదే: 32,000 మందిలో భయపడు 22,000 మంది యిండ్లకుఁ బోయిరి, మిగిలిన 10,000 మందిలో 300 మందియే నిలిచిరి, శత్రువులు 1,35,000 మంది. బాలురకీ లెక్కయే నేర్పుదురు. కాని యుద్ధమునాఁటి రాత్రి సైతము, భయమున్నచో సేవకునిఁ దోడుకొని శత్రువుల దండుచాటునకుఁ బోయి వినుమని దేవుఁడు చెప్పఁగా, గిద్యోను నిజముగాఁ బోయెను. యవలరొట్టె యొకటి దొరలివచ్చి గుడారమును బడఁద్రోసినట్లు శత్రుసైనికుఁడు కన్న కల వినిన పిదపఁ గాని యతనికి గుండె కుదురుపడలేదు. భయము లేనివాఁడు గెలిచెనని గ్రంథము చెప్పదు. భయపడుచునే పోయెనని చెప్పును. గెలిచిన తరువాత రాజ్యము వలదనెను గాని 1,700 తులముల బంగారు పోగులను గైకొని ఏఫోదు చేయించెను. అదియే యతని యింటికి నురియయ్యెను. ఈ తుది భాగమును విడిచిపెట్టువారు మూలకర్త నిజాయితీని విడిచిపెట్టుచున్నారు.

దావీదు కథను గూర్చి యెక్కువ చెప్పను. హెబ్రీ పాఠమున గొల్యాతు 6 మూరల జేనెఁడు, అనఁగా సుమారు 9½ అడుగులు. ప్రాచీన గ్రీకు పాఠమునను, 1952లో కుమ్రాను గుహలో బయలుపడిన సమూయేలు గ్రంథపు ప్రతియందును 4 మూరల జేనెఁడే. సుమారు 6½ అడుగులు. రాక్షసుఁడు వ్రాయసగాండ్ర చేతులలోఁ బెరిగియుండవచ్చును. కథకు మూరలు ముఖ్యము కావు. సౌలు కవచము తనకు అలవాటు లేదని విప్పివైచి, తన వడిసెలతోఁ బోవుటయే ముఖ్యము.

నా మట్టుకు నన్నిటికంటె ధైర్యమైన కథ ఎస్తేరుది. హెబ్రీ పాఠమునందు దేవుని పేరొక్కమాఱైన లేదు. దూత లేఁడు, స్వప్నము లేదు, వాగ్దానము లేదు. పిలువకుండ రాజు సన్నిధికిఁ బోవువారికి మరణమే చట్టము. రాజు బంగారుదండమును జాఁచినఁ దప్ప విముక్తి లేదు. ఆమెను రాజు పిలిచి 30 దినములయ్యెను. సహాయము మఱియొక దిక్కునుండి వచ్చిన రావచ్చును, నీవు మాత్రము నశింతువని మొర్దెకై చెప్పి పంపెను. ఇంతకంటెఁ గఠినమైన ప్రోత్సాహము నేనెందును జదువలేదు. మూఁడుదినము లుపవాసముండి, నశించిన నశింతునని యామె బయలుదేఱెను. ఇచ్చటను గ్రీకువారు చేయిచేసికొనిరి: ఇరువురిచేతను దీర్ఘప్రార్థనలు చేయించి, దేవుఁడే రాజు మనస్సును మెత్తపఱచెనని వ్రాసిరి. అయితే మూలమును నిర్దోషముకాదు. తొమ్మిదవ యధ్యాయమున 75,000 మంది హతులైరి. ఎస్తేరు రాజధానిలో రెండవ దినమును సంహారమునకు సెలవడిగెను. నాలుగవ యధ్యాయపు స్త్రీకి నిది తగదు. వ్యాఖ్యాత లెంత సమర్థించినను నా మనస్సొప్పదు.

ఈ కథల మర్మమును గుర్తించిన ప్రాచీనుఁడొకఁడు కలఁడు: హెబ్రీయులకు వ్రాసిన పత్రిక కర్త. అతని పేరు పత్రికలో లేదు. పదునొకండవ యధ్యాయమున గిద్యోనును దావీదును బేర్కొని, సింహముల నోళ్లు మూసినవారిని, అగ్నిబలమును జల్లార్చినవారిని వర్ణించి, అదే యూపిరిలో మఱికొందఱివైపు తిరిగెను: చిత్రహింసలు పొందినవారు, రాళ్లతోఁ గొట్టఁబడినవారు, ఱంపములతోఁ గోయఁబడినవారు, గొఱ్ఱెచర్మములు వేసికొని తిరిగినవారు. వారికి వీరికి నొకే విశ్వాసమనియు, వాగ్దానఫలము వీరిలో నెవరికిని దక్కలేదనియు వ్రాసెను. బాలురకుఁ జెప్పునపుడు ఈ యధ్యాయమును సాధారణముగా సింహముల నోళ్లయొద్దను, అగ్నియొద్దను ఆపివేయుచుందురు.