మనమా, మేమా? మచూ పిచూ మెట్ల మీద నెరూడా

నెరూడా ‘మచూ పిచూ శిఖరాలు’ నాకు దొరికింది ఆబిడ్స్‌లో, ఒక ఆదివారం పేవ్‌మెంట్ మీద. నథానియల్ టార్న్ చేసిన ఇంగ్లిష్ అనువాదం. అట్ట సగం ఊడిపోయింది. అప్పటికి డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని రోజులు. ఇంటికెళ్లి పదో భాగం దాకా వచ్చి ఆగిపోయాను. అరే, ఇది మన శ్రీశ్రీ కదా అనిపించింది. రాయి కనిపిస్తోంది, ఆ రాయి మోసినవాడేడీ అని నెరూడా అడుగుతున్నాడు. తాజ్‌మహల్ దగ్గర శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో అడిగిందీ అదే. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చిన 1950లోనే, ఈ కవితని ఒక భాగంగా కలుపుకుని ‘కాంతో హెనెరాల్’ కూడా వచ్చింది. ఎవరు ఎవర్ని చదివారన్నది కాదు విషయం. ఒకే ప్రశ్న రెండు చోట్ల పుట్టిందన్న సంతోషం చాలా ఏళ్లు నాతో ఉండిపోయింది.

పోయినేడాది ఆ పుస్తకాన్ని బ్యాగులో వేసుకుని ఇన్కా ట్రెయిల్ నడిచాను. తిరిగొచ్చాక మళ్లీ చదివాను. కవిత గొప్పదే, ఇప్పటికీ. కానీ దానితో నాకొక పేచీ మొదలైంది. ఈ వ్యాసం ఆ పేచీ గురించే.

ముందు కవిత సంగతి. నెరూడా మచూ పిచూ చూసింది 1943లో, రాసింది రెండేళ్ల తర్వాత 1945లో. మొత్తం పన్నెండు భాగాలు. మొదటి అయిదింటిలో కొండ ఊసే లేదు. ఉన్నదల్లా నగరాల్లో రోజూ కొంచెం కొంచెంగా చచ్చే మనుషులు. ఆరో భాగంలో గానీ కవి మెట్లెక్కడు. తొమ్మిదో భాగంలో క్రియాపదాలు మాయమైపోయి, రాతికి పెట్టిన పేర్లు మాత్రమే ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, సున్నం లేకుండా కట్టిన ఇన్కా గోడలాగే. ఆ మత్తులోంచి పదో భాగం మనల్ని చెంపదెబ్బ కొట్టి లేపుతుంది. ఇంత అందం ఎవరి ఆకలి మీద లేచిందని అడుగుతుంది. పన్నెండో భాగంలో కవి ఆ చనిపోయినవాళ్లని, రైతునీ నేతగాణ్ణీ కుమ్మరినీ, లేచి రమ్మంటాడు. తన గొంతుతో మాట్లాడమంటాడు.

ఇప్పుడు దారి సంగతి. ట్రెయిల్ రైలు మార్గంలో 82వ కిలోమీటరు దగ్గర మొదలవుతుంది. నాలుగు రోజులు, మూడు రాత్రులు, దాదాపు 43 కిలోమీటర్లు. సొంతంగా వెళ్లనివ్వరు, లైసెన్సున్న గైడు ఉండాల్సిందే. రోజుకి 500 మందికే అనుమతి. అందులో సగానికి పైగా యాత్రికులు కాదు, సామాన్లు మోసేవాళ్లు, వంటవాళ్లు, గైడ్లు. మా గ్రూపులో మేం పదకొండు మందిమి. మా గుడారాలూ గ్యాస్ సిలిండర్లూ కుర్చీలూ మోయడానికి పదిహేడు మంది. వాళ్ల మూటల్ని చెక్‌పోస్టులో తూకం వేస్తారు, మనిషికి 20 కిలోలు దాటకూడదు. 2001లో వీళ్ల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. అంతకుముందు ఎంత మోయించేవారో ఆ చట్టం రావాల్సి రావడంలోనే తెలుస్తోంది.

రెండో రోజు 4,215 మీటర్ల కనుమ. దాని పేరే ‘చనిపోయిన స్త్రీ’. ఇరవై అడుగులు వేయడం, నిలబడి రొప్పడం. బుగ్గన కోకా ఆకు. నా వీపు మీద ఉన్నది నీళ్లూ, రెయిన్ కోటూ, నెరూడా. నా మిగతా ఏడు కిలోలూ ఎవరి వీపు మీదో ఉన్నాయి. ఆ ఎవరో రబ్బరు చెప్పులతో నన్ను దాటుకుని పరిగెత్తుతూ వెళ్లిపోయాడు, నాకంటే ముందు చేరి నా గుడారం వేయాలి కాబట్టి. రుంకురకాయ్, సయక్‌మార్కా శిథిలాల దగ్గర గైడు ‘మీతా’ గురించి చెప్పాడు. ఇన్కా రాజ్యానికి జనం వంతులవారీగా చేయాల్సిన పని అది. ఈ గోడలన్నీ అలా లేచినవే. మేం తలలూపుతూ విన్నాం. మా వెనకాల మా వంటగిన్నెలు వెళ్తున్నాయి.

మూడో రాత్రి ఒక రివాజు ఉంటుంది. యాత్రికులూ మోసేవాళ్లూ ఎదురెదురుగా నిలబడి వీడ్కోలు చెప్పుకోవాలి, టిప్పు ఇవ్వాలి. మాలో ఒకాయన కళ్లనీళ్లతో, ఈ కొండని అందరం కలిసి ఎక్కాం అని ఇంగ్లిష్‌లో మాట్లాడాడు. గైడు దాన్ని క్వెచువాలోకి మారుస్తూ ఒక్క క్షణం తడబడ్డాడు. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. క్వెచువాలో మనలాగే రెండు మాటలున్నాయి. ‘న్యొకంచిస్’ అంటే మనం, ‘న్యొకయ్‌కు’ అంటే మేము. ఇంగ్లిష్‌కీ, నెరూడా స్పానిష్‌కీ ఆ తేడా లేదు. గ్రూపులో ఇది వివరించకుండానే అర్థమైంది నాకొక్కడికే.

“మరి ఏది వాడారు?” అనడిగాను.

“మేము అనేదే,” అన్నాడాయన. “రేపు వీళ్లు రావట్లేదుగా.”

నిజమే. నాలుగో రోజు తెల్లవారకముందే వాళ్లు గుడారాలు చుట్టుకుని కిందికి, రైలుకి దిగిపోతారు. మేం సూర్యద్వారం వైపు. నా బ్యాగు మోసినతను ఆరేళ్లుగా ఈ దారిలో ఉన్నాడు. మచూ పిచూ లోపల అడుగుపెట్టింది ఒక్కసారి.

ఇక్కడే నాకు నెరూడాతో పేచీ. ఆ కవితలో పిలుపంతా చనిపోయినవాళ్లకి. ‘నేను’, ‘మీరు’ కలిసి ఒకటవ్వాలన్నదే దాని ఆశ. కానీ కొండ కింద, అదే భాషలో మాట్లాడే బతికున్న మనిషి అందులో ఎదురుపడడు. ఇది గమనించాక హైరమ్ బింగమ్ పుస్తకం ‘లాస్ట్ సిటీ ఆఫ్ ది ఇన్కాస్’ మళ్లీ తిరగేశాను. 1911లో ఆ ఊరిని ‘కనుక్కున్న’ యేల్ ప్రొఫెసర్. అప్పటికే ఆ గోడ మీద లిసరాగ అనే స్థానికుడి పేరూ, 1902 అనే ఏడూ బొగ్గుతో రాసి ఉన్నాయి. అయినా పేరు బింగమ్‌కి దక్కింది, తవ్విన వస్తువులు అమెరికా చేరాయి, దాదాపు వందేళ్లకి గానీ తిరిగి రాలేదు. అంతటి మనిషి పుస్తకంలోనే బతికున్నవాళ్లు కనిపిస్తారు. దారి చూపిన ఆర్తియాగ, ఆ మెట్టపొలాల్లో కాపురముంటున్న రైతులు, వాళ్లిచ్చిన చల్లటి నీళ్లు, ఉడికించిన చిలగడదుంపలు, శిథిలాల్లోకి నడిపించిన చిన్న పిల్లాడు. కీర్తి కోసం రాసినవాడికి కనిపించినవాళ్లు, కూలీ కోసం రాసిన కవికి ఎందుకు కనిపించలేదు?

ఇది ఎలిజీ కదా, చచ్చినవాళ్ల గురించే ఉంటుంది అన్నాడు నా ఫ్రెండొకడు. ఒప్పుకుంటాను. సామాన్లు మోసేవాళ్ల మీద రాయలేదని నెరూడాని తప్పుపట్టట్లేదు. కానీ చనిపోయినవాడు అడ్డు చెప్పడు. మన గొంతుతో మాట్లాడమంటే మాట్లాడతాడు. బతికున్నవాడు మాత్రం నాకు గొంతుంది, ముందు కూలి సంగతి తేల్చండి అంటాడు. ‘మనం’ అనేది బతికున్నవాడు ఒప్పుకుంటేనే కుదిరే మాట. శ్రీశ్రీ ప్రశ్నని నోటికి చెప్పగలిగిన నేను, కనుమ మీద నన్ను దాటి వెళ్లినవాడి పేరు మూడో రోజు సాయంత్రం దాకా అడగలేదు. కాబట్టి ఈ పేచీలో నేనూ ముద్దాయినే.

ఎవరైనా ఆ కవితని తెలుగు చేస్తే పన్నెండో భాగంలో ఒక చిక్కు వస్తుంది. కవీ, ఆ రాళ్లెత్తినవాళ్లూ కలిసిన చోటుని మనం అనాలా, మేము అనాలా? స్పానిష్‌లో నెరూడా ఆ ఇబ్బంది లేకుండా దాటిపోగలిగాడు. మనకి ఆ వెసులుబాటు లేదు, అది మన భాష చేసిన మేలే. నేనైతే ఇప్పటికి మేము అనే రాస్తాను.

పుస్తకం అట్ట మూడో రాత్రి వానకి పూర్తిగా ఊడిపోయింది. అతను దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తెల్లారుజామున గుడారం బయట పెట్టి వెళ్లిపోయాడు.