ఎదిరికి దారి విడుచు విద్య

బెంగళూరు నుండి హోసూరు పోవు 44వ జాతీయ రహదారిపై, తమిళనాటి సరిహద్దునకు ఆనుకొనియున్న మా అత్తిబెలెలో, పారిశ్రామికవాడ నుండి షిఫ్టు విడిచి వచ్చు యువకులు, కన్నడము, తమిళము, తెలుగు కలగలిపి మాటాడుకొనుచు, ఫోనులలో ముప్పది యేండ్లనాటి ఫైటింగు గేములు ఆడుకొనుట తఱచుగా చూచుచుందును. వానిలో పెక్కు అభిమానులు మార్చి, పెంచి, క్రొత్త వేషములు తొడిగిన మాడ్‌లు. ఇది వట్టి కాలక్షేపమని త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపజాలను. ఇందొక శిల్పమున్నది, ఆ శిల్పమునకొక ధర్మమున్నది.

1991లో జపాను సంస్థ కాప్‌కామ్ వెలువరించిన స్ట్రీట్ ఫైటర్ 2 లోకమెల్ల వ్యాపింపగా, మఱుసటి యేడు దాని ఛాంపియన్ ఎడిషన్ కూర్పును అనధికారముగా మార్చి రెయిన్‌బో ఎడిషన్ అను రూపమును ఆర్కేడులలో ప్రవేశపెట్టిరి. అందు యోధులు గాలిలో నుండియే అగ్నిగోళములు విసరుదురు; పోరు నడుమనే ఒకరు మఱియొకరుగా మాఱుదురు. ఆ అస్తవ్యస్తము నడుమ ఆటగాండ్రను ఆకర్షించినది వేగమని గ్రహించిన కాప్‌కామ్, ఆ సంవత్సరాంతముననే హైపర్ ఫైటింగ్ అను వేగవంతమైన కూర్పును తెచ్చినది.

యోధుని దేహము స్ప్రైట్‌లనబడు చిత్రముల వరుస. ఆనాటి ఆర్కేడు బోర్డులపై ఒక్కొక్క స్ప్రైట్‌కు పదునైదు రంగులే లభ్యము. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ తెచ్చిన నిమ్మలకుంట తోలుబొమ్మల విద్యలో, దీపపు వెలుగు ఎచట చొరవలెనో యెంచి తోలును తొలుచునట్లు, మాడ్ చేయువాడు ఆ కొద్ది రంగులలోనే కండను, నీడను, వస్త్రపు మడతను ఇముడ్చవలెను. రంగులు మార్చుట కంటె కాలము మార్చుట కష్టతరము. సెకనుకు దాదాపు 60 ఫ్రేములుగా నడచు ఆ ఆటలో ప్రతి దెబ్బకును ఎత్తుకొను కాలము, తగులు కాలము, తిరిగి కుదురుకొను కాలము అని మూడు భాగములుండును. ఏ అవయవము కొట్టునో, ఏది దెబ్బ తినునో కంటికి కనబడని దీర్ఘచతురస్రములు నిర్ణయించును.

మా వీథిలో గది తీసికొనియున్న పలమనేరు యువకుడొకడు, ఒక యోధుని తన్నునకు ఆ మూడవ భాగమును మిక్కిలి తగ్గించి నాకు చూపెను. తన్ను వెంట తన్ను ఎడతెగక పడుచుండగా ఎదిరికి ఊపిరి సలుపదయ్యెను. కొన్నాళ్లకు ఆ మార్పు కనబడక నేనడుగగా, “దానికి బదులియ్యను దారే లేదు సార్, అందుకే తీసేసినా” అనెను. ఆ మాటలో ఈ విద్యా సర్వస్వమున్నదని నా నమ్మిక. బలవంతుని సృజించుటకు ఒక అంకె మార్చిన చాలును. ఆ బలమును ఎదుర్కొనుటకు దారి విడుచుటకు వివేకము కావలెను.

స్వీడను దేశీయుడు హెన్రిక్ రిడ్‌గార్డ్ 2012లో పీపీఎస్ఎస్‌పీపీ అను, ఒక యంత్రపు గేములను వేఱొక యంత్రముపై నడుపు ఎమ్యులేటరును వెలువరించిన పిదప, 2009 నాటి టెక్కెన్ 6 వంటి, పీఎస్‌పీ అను చేతి ఆటయంత్రపు గేములు అల్పమూల్యపు ఫోనులలోను ఆడదగినవైనవి. అందలి టెక్స్చర్ మార్పిడి సౌకర్యము వలన మూలఫైలును తాకకయే యోధులకు క్రొత్త వస్త్రములు తొడుగవచ్చును. ఐపీఎస్ ప్యాచ్ అను మార్పుల ఫైలుదియు ఇట్టి మర్యాదయే: ఎచట ఏ అంకె మాఱవలెనో అంతమాత్రమే అది మోయును, మూలఫైలును మోయదు.

అయితే ఫోను నుండి ఫోనుకు చేతులు మాఱు మాడ్‌లు పెక్కు కర్తలేని వస్తువులై తిరుగుచున్నవి. ఇది నాకు నిజముగా బాధ కలిగించుచున్నది. 1999లో ఎలెక్‌బైట్ వెలువరించిన ముగెన్ అను ఫైటింగు గేముల ఇంజనుపై యోధులను నిర్మించినవారు, స్ప్రైట్‌లు సేకరించినవారి పేరులను వెంట ఒక చిన్న ఫైలులో వ్రాయు ఆచారమును పెంపొందించిరి. మన యువకులును తమ పేరును, తమకు ముందు శ్రమించినవారి పేరులను, మార్చిన అంకెల పట్టికను మాడ్‌తో జతచేయవలెను. అప్పుడే రేపు దానిని చేపట్టువాడు పరిశీలించి, సవరించి, అన్యాయమని తోచినదానిని తీసివేయగలుగును.